పాత కంప్యూటర్‌కు కొత్త ఊపిరి

2024 జూలైలో ఒక రాత్రి, పదకొండు గంటల వేళ, మా అమ్మాయి నా గది గుమ్మంలో వచ్చి నిలబడింది. ఆర్కిటెక్చర్ కోర్సులో రెండవ సంవత్సరం చదువుతున్నది. పన్నెండు రోజులలో ఒక గ్రంథాలయ భవనపు నమూనాను కంప్యూటర్‌లో నిర్మించి, దాని చిత్రాలను కళాశాలలో సమర్పించవలసి ఉన్నది. "అమ్మా, మళ్ళీ బిగుసుకుపోయింది. మెట్లు తిప్పి చూద్దామంటే పావుగంట నుంచి కదలడం లేదు" అన్నది.

వెళ్ళి చూశాను. తెర మీద సగం గీసిన కట్టడం గాలిలో వేలాడుతున్నది. డబ్బా లోపలి నుంచి ఎవరో పళ్ళు కొరుకుతున్నట్లు హార్డ్‌డిస్క్ కరకరలాడుతున్నది.

ఆ కంప్యూటర్‌ను 2014లో కొన్నాను. ఒక పెద్ద అనువాదానికి వచ్చిన పారితోషికం దానికే పోయింది. ఆ తరువాత పదేళ్ళపాటు నా జీవనోపాధి దాని మీదనే నడిచింది. నేను ఆంగ్ల సాహిత్యం చదువుకున్నదాన్ని. కంప్యూటర్ నాకు కలం వంటిదే తప్ప, దాని కడుపులో ఏమున్నదో ఏనాడూ విచారించలేదు. కొత్తది కొనాలంటే, మా అమ్మాయి పనికి తగినది, డెబ్భై వేలకు తక్కువ రాదన్నారు. ఇంట్లో ఉన్నవి పదహారు వేలు. పైగా అదే యంత్రంలో నేను ఒక నవలను అనువదిస్తున్నాను. నెలాఖరుకు ప్రచురణకర్తకు అందించాలి. ఒకే డబ్బా మీద ఇద్దరి గడువులు కూర్చున్నాయి.

"పారెయ్యడమా, బాగు చేయించడమా?" అన్న ప్రశ్న ఈనాడు మన దేశంలో ఎన్నో ఇళ్ళలో వినిపిస్తున్నది. మాకు దొరికిన సమాధానాన్ని, దానికోసం చేసిన తప్పులతో సహా, ఇక్కడ చెబుతున్నాను.

ముందు రోగనిర్ణయం

మా వీధి చివర ఒక మెకానిక్ ఉన్నారు. అరవై ఏళ్ళ మనిషి. ఒకప్పుడు రేడియోలు, తరువాత టెలివిజన్లు, ఇప్పుడు కంప్యూటర్లు బాగు చేస్తున్నారు. ఆయన మొదట డబ్బా తెరవలేదు. కీబోర్డు మీద మూడు మీటలు కలిపి నొక్కి 'టాస్క్ మేనేజర్' అనే పట్టికను తెరిచారు. అందులో మెమరీ అన్న చోట 97 శాతం అని ఉన్నది. డిస్క్ అన్న చోట 100.

"అమ్మా, దీనికి జబ్బు లేదు. ఆకలి. నాలుగు జి.బి. మెమరీతో ఇది ఎన్ని పనులు మోస్తుంది?" అన్నారు.

మెమరీకి, హార్డ్‌డిస్క్‌కు తేడా ఏమిటో నాకు ఆనాడే స్పష్టంగా తెలిసింది. నా బల్లనే తీసుకోండి. మూలగ్రంథం, నిఘంటువు, రాతప్రతి బల్ల మీద పరచుకొని పని చేస్తాను. మిగిలిన పుస్తకాలు బీరువాలో ఉంటాయి. బల్ల చిన్నదైతే ఒక పుస్తకం తెరవడానికి మరొకటి బీరువాలో పెట్టి రావాలి. పని చేసే సమయంకన్నా లేచి తిరిగే సమయమే ఎక్కువవుతుంది. కంప్యూటర్‌లో బల్ల మెమరీ, బీరువా డిస్క్. మెమరీలోని సమాచారం దాదాపు వంద నానోసెకండ్లలో చేతికి వస్తుంది. పాత తరహా హార్డ్‌డిస్క్‌లో లోహపు పళ్ళెం తిరిగి, సూది సరైన చోటికి చేరడానికి పది మిల్లీసెకండ్ల దాకా పడుతుంది. అంటే లక్ష రెట్ల తేడా! మెమరీ చాలనప్పుడు కంప్యూటర్ డిస్క్‌లోనే కొంత చోటును మెమరీగా వాడుకుంటుంది. మేము విన్న ఆ కరకర చప్పుడు ఈ రాకపోకలదే.

ఈ మెమరీ కథ కూడా చిత్రమైనదే. అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసిన రాబర్ట్ డెనార్డ్ అనే ఇంజనీరుకు 1968లో దీని మీద పేటెంటు లభించింది. ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరు కలిస్తే ఒక గడి. గడిలో విద్యుదావేశం ఉంటే ఒకటి, లేకుంటే సున్న. కాని ఆ ఆవేశం చిల్లి కుండలో నీరు వలె కారిపోతూ ఉంటుంది. అందువల్ల ప్రతి గడినీ 64 మిల్లీసెకండ్లలోగా ఒకసారి మళ్ళీ నింపుతూ ఉండాలి. కరెంటు పోతే అంతా తుడిచిపెట్టుకుపోవడానికి కారణమిదే. 1970లో ఇంటెల్ సంస్థ అమ్మిన 1103 అనే చిప్‌లో గడులు 1,024 మాత్రమే. ఈనాడు వేలెడు వెడల్పున్న ఎనిమిది జి.బి. పట్టీలో సుమారు 6,870 కోట్ల గడులు ఉంటాయి!

నా మొదటి తప్పు

మరునాడు నేనే ఒక దుకాణానికి వెళ్ళి "ఎనిమిది జి.బి. మెమరీ ఇవ్వండి" అన్నాను. ఇచ్చారు. ఇంటికి తెచ్చి చూస్తే అది గాడిలో కూర్చోదు. పట్టీ అడుగున ఉన్న గంటు ఒక చోట, గాడిలోని మెట్టు ఒక చోట. నేను అడగవలసిన మాట అడగలేదు, వారు చెప్పవలసిన మాట చెప్పలేదు.

మెమరీకి తరాలు ఉన్నాయి. డి.డి.ఆర్.3 అనేది 2007లో వచ్చింది, డి.డి.ఆర్.4 2014లో మార్కెట్టుకు వచ్చింది, డి.డి.ఆర్.5 సామాన్య వినియోగదారులకు 2021 నుంచి అందింది. డెస్క్‌టాప్‌లలో మొదటిదానికి 240 పిన్నులు, తరువాతి రెండింటికీ 288. వోల్టేజి కూడా తరతరానికీ తగ్గుతూ వచ్చింది: 1.5, 1.2, 1.1. ఒక తరపు పట్టీ మరొక తరపు గాడిలో పట్టకుండా గంటు స్థానాన్ని కావాలనే మార్చారు. కనుక బలవంతంగా నొక్కరాదు. ల్యాప్‌టాప్ పట్టీలు పొట్టివి, అవి డెస్క్‌టాప్‌కు పనికిరావు.

నా కంప్యూటర్‌లో ఉన్నది ఇంటెల్ నాల్గవ తరం ఐ5 ప్రాసెసరు, హెచ్81 అనే చిప్‌సెట్ ఉన్న మదర్‌బోర్డు. అందులో మెమరీకి రెండే గాడులు. ఒక్కొక్కదానిలో ఎనిమిది చొప్పున పదహారు జి.బి. దానికి పరిమితి. కావలసినది డి.డి.ఆర్.3. ఈ వివరాలు తెలుసుకోవడానికి డబ్బా తెరవనక్కరలేదు. సి.పి.యు.-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉన్నది. అది ప్రాసెసరు, మదర్‌బోర్డు, మెమరీ రకాలను పేర్లతో సహా చూపుతుంది. ఆ పేర్లు కాగితం మీద రాసుకొని వెళితే దుకాణంలో మోసపోయే ప్రమాదం తక్కువ.

కొన్న పట్టీని వాపసు ఇచ్చాను. మూడు వందలు కోత పడింది. తరువాత సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు మెకానిక్ గారితో కలిసి వెళ్ళాను. ఢిల్లీవారికి నెహ్రూ ప్లేస్, ముంబైవారికి లామింగ్టన్ రోడ్డు, చెన్నైవారికి రిచీ వీధి, బెంగుళూరువారికి ఎస్.పి. రోడ్డు ఎటువంటివో మాకు అది అటువంటిది. అక్కడ వాడిన డి.డి.ఆర్.3 పట్టీలు రెండు, ఒకే కంపెనీవి, ఒకే వేగానివి, పద్దెనిమిది వందలకు దొరికాయి. ఒకే పెద్ద పట్టీ కన్నా సమానమైనవి రెండు వేయడం మేలు. ప్రాసెసరు రెండు దారులలో ఒకేసారి సమాచారం తెచ్చుకోగలుగుతుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్లలో ఈ మేలు ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. ఎందుచేతనంటే, అక్కడ బొమ్మలు గీసే పని కూడా ఈ మెమరీ నుంచే అప్పు తెచ్చుకోవాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. మీ పాత కంప్యూటర్‌లో 32 బిట్ల విండోస్ ఉంటే, మీరు పదహారు జి.బి. వేసినా అది నాలుగు జి.బి.కి మించి వాడుకోలేదు. ఇళ్ళకు వేసే నెంబర్లు నాలుగంకెలకే పరిమితమైతే పదివేల ఇళ్ళను మించి గుర్తించలేము కదా! ఇదీ అంతే. 64 బిట్ల విండోస్ ఉన్నదో లేదో ముందుగా చూసుకొని, ఆ తరువాతనే డబ్బు ఖర్చు పెట్టాలి.

చిత్రకారుడు ఎక్కడ?

మెమరీ పెరిగాక నా పని హాయిగా సాగింది. కాని మా అమ్మాయి భవనం మాత్రం ఇంకా నత్తనడకే నడిచింది.

దానికి కారణం వేరు. మామూలు తెర మీద 1,920 అడ్డ చుక్కలు, 1,080 నిలువు చుక్కలు, మొత్తం 20 లక్షల 73 వేల 600 చుక్కలు ఉంటాయి. తెర సెకండుకు 60 మార్లు మారుతుంది. అంటే సెకండుకు పన్నెండు కోట్లకు పైగా చుక్కల రంగును నిర్ణయించాలి. అందులోనూ వెలుగు ఎటునుంచి పడుతున్నది, గోడ నీడ మెట్ల మీద ఎంత దూరం పరచుకుంటున్నది అన్న లెక్కలు చేరితే చెప్పనక్కరలేదు. ప్రాసెసరు గొప్ప పండితుని వంటిది. ఎంత చిక్కు లెక్కనైనా చేస్తుంది. కాని మా ప్రాసెసరులో ఉన్నవి నాలుగు కోర్‌లు, అనగా నలుగురు పండితులే. గ్రాఫిక్స్ చిప్ అటువంటిది కాదు. అది వందలమంది పిల్లలున్న బడి. ఒక్కొక్కరికీ చిన్న కూడిక ఇస్తే, అందరూ ఒకేసారి చేసి పలకలు చూపిస్తారు. ఇటువంటి చిప్‌కు 'జి.పి.యు.' అన్న పేరును ఎన్‌విడియా సంస్థ 1999లో తన జిఫోర్స్ 256 కార్డుతో ప్రచారంలోకి తెచ్చింది.

కార్డు కొనడానికి ముందు ఐదు విషయాలు చూడాలని మెకానిక్ గారు చెప్పారు.

మొదటిది, గాడి. పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ అనే పొడవైన గాడి మదర్‌బోర్డు మీద ఉండాలి. ఈ గాడికీ తరాలు ఉన్నాయి గాని, మెమరీ వలె కాక, కొత్త తరం కార్డు పాత తరం గాడిలో కూర్చుంటుంది, పని కూడా చేస్తుంది. అయితే దారి ఇరుకవుతుంది. రెండవ తరం గాడిలో పదహారు దారుల మీద సెకండుకు సుమారు ఎనిమిది జి.బి. సమాచారం నడుస్తుంది, మూడవ తరంలో పదహారు జి.బి. మా హెచ్81 బోర్డుది రెండవ తరం. పదహారు దారులూ వాడుకునే కార్డుకు ఇది పెద్ద ఇబ్బంది కాదు. కాని 2022లో వచ్చిన ఏ.ఎం.డి. ఆర్.ఎక్స్.6400 వంటి కార్డులు నాలుగు దారులనే వాడుకుంటాయి. నాల్గవ తరం గాడిలో అవి చురుకుగా ఉంటాయి గాని, పాత బోర్డులలో వాటి వేగం తగ్గిపోతుంది. కొత్తది కదా అని పాత బోర్డుకు దానిని కొనడం తెలివైన పని కాదు. ఇంటెల్ ఆర్క్ కార్డుల సంగతీ అంతే. వాటి పూర్తి శక్తి బయటపడాలంటే కొత్త బోర్డులలోనే ఉండే 'రీసైజబుల్ బార్' అనే ఏర్పాటు కావాలి.

రెండవది, చోటు. కార్డు పొడవు, మందం డబ్బాలో పడతాయా? టేపు తీసుకొని కొలవాలి. 

మూడవది, తెరకు వెళ్ళే తీగ. నా పాత మానిటరుకు నీలిరంగు తల ఉన్న వి.జి.ఎ. తీగ ఉన్నది. ఇటీవలి కార్డులలో ఆ రంధ్రమే ఉండదు. హెచ్.డి.ఎం.ఐ. నుంచి వి.జి.ఎ.కు మార్చే చిన్న సాధనాన్ని ఐదు వందలు పెట్టి కొన్నాము.

నాల్గవది, పేరు ఒకటే అయినా సరుకు ఒకటి కాకపోవచ్చు. 2017లో వచ్చిన జి.టి.1030 అనే చిన్న కార్డుకు మంచి పేరు ఉండేది. 2018లో అదే పేరుతో, నెమ్మదైన డి.డి.ఆర్.4 మెమరీతో మరొక రకం వచ్చింది. మొదటి రకం సెకండుకు 48 జి.బి. సమాచారాన్ని నడిపితే, రెండవది సుమారు 17 జి.బి. మాత్రమే నడుపుతుంది. అట్టపెట్టె మీద చిన్న అక్షరాలలో ఉండే ఆ ఒక్క మాట చదవకపోతే, సగం కార్డుకు పూర్తి ధర ఇచ్చినట్లే.

ఐదవది కరెంటు. ఆ విషయం ఆయన చెప్పారు గాని, నేను సరిగా చెవిని పెట్టలేదు.

మేము ఎన్నుకున్నది జి.టి.ఎక్స్.1650. 2019లో వచ్చినది. 896 చిన్న గణన కేంద్రాలు, స్వంతంగా నాలుగు జి.బి. మెమరీ. 75 వాట్లతో పని చేస్తుంది. గాడి ద్వారా అందే కరెంటు కూడా సరిగ్గా 75 వాట్లే. అందువల్ల ఈ తరగతి కార్డులలో చాలావాటికి వేరే తీగ అక్కరలేదు. వాడినది ఏడు వేల ఐదు వందలకు వచ్చింది.

వాడిన కార్డులు కొనడంలో మెలకువ కావాలి. ఇథీరియం అనే డిజిటల్ నాణెం కోసం రాత్రింబగళ్ళు లెక్కలు కట్టిన కార్డులు, 2022 సెప్టెంబరులో ఆ పద్ధతి ఆగిపోగానే, గుట్టలుగా పాతసామాను అంగళ్ళకు వచ్చాయి. అంతకన్నా ప్రమాదకరమైనవి దొంగ కార్డులు. ఏనాటివో పాత కార్డులకు లోపలి సాఫ్ట్‌వేర్ మార్చి, కొత్త పేరు పెట్టి అమ్మేవారున్నారు. జి.పి.యు.-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అటువంటి వాటిని పట్టి ఇస్తుంది. దుకాణంలోనే కార్డును బిగించి, పావుగంట నడిపించి చూడనిస్తేనే కొనండి.

అన్నం పెట్టేవాడు

కార్డు బిగించాము. మా అమ్మాయి భవనం మొదటిసారి మౌస్‌తోపాటు గిర్రున తిరిగింది. పిల్ల ముఖం చూసి నాకు ఎంతో తృప్తి కలిగింది. ఆ తృప్తి మూడు గంటలు నిలిచింది.

రాత్రి తను చిత్రాలు తయారు చేస్తుండగా, నా అనువాదపు ఫైలు కూడా తెరిచే ఉన్నది. తటాలున కంప్యూటర్ ఆరిపోయింది. వీధిలో కరెంటు ఉన్నది. మళ్ళీ వెలిగించాము. ఇరవై నిమిషాల తరువాత మళ్ళీ ఆరిపోయింది. మూడవసారి వెలిగినప్పుడు నా ఫైలు తెరుచుకోలేదు. అక్షరాలకు బదులు ప్రశ్నార్థకాలు, డబ్బాలు. నకలు తీసి పెట్టాను కదా అనుకున్నాను. ఆ నకలు తొమ్మిది రోజుల కిందటిది. నలభై ఒక్క పుటలు పోయాయి.

అనువాదకులకు తెలుస్తుంది ఆ బాధ. ఒకసారి దొరికిన వాక్యం మళ్ళీ అదే రూపంలో దొరకదు. మూలం అలాగే ఉంటుంది. మన మాటే ఎక్కడికో పోతుంది.

తెల్లవారాక మెకానిక్ గారు వచ్చి చూసి, "అమ్మా, విస్తరి పెద్దది వేశారు, వడ్డించేవాణ్ణి చూసుకోలేదు" అన్నారు. వడ్డించేవాడంటే ఎస్.ఎం.పి.ఎస్., అనగా డబ్బాలో మూలన ఉండి అన్ని భాగాలకూ కరెంటు పంచే పెట్టె. డబ్బాతోపాటు ఉచితంగా వచ్చినది. దాని మీద పెద్ద అక్షరాలతో 450 అని ఉన్నది. ఆయన ఆ అంకెను వేలితో మూసి, కింద చిన్న పట్టికలో 12 వోల్టుల వరుసను చూపించారు. అక్కడ 14 ఆంపియర్లు అని ఉన్నది. పన్నెండును పద్నాలుగుతో గుణిస్తే 168 వాట్లు. ప్రాసెసరుకు 84, కార్డుకు 75, వెరసి 159. డిస్క్‌కు, ఫ్యాన్లకు, బోర్డుకు కలిపి మిగిలింది తొమ్మిది వాట్లు! పైగా పదేళ్ళ ముసలిది. రెండు పనులూ జోరుగా నడిచే సరికి చేతులెత్తేసింది.

మూడవ తరగతి లెక్క అది. గుణకారం చేయడానికి నాకు తొమ్మిది రోజుల శ్రమ మూల్యమయింది.

పేరున్న కంపెనీ ఎస్.ఎం.పి.ఎస్. రెండు వేల తొమ్మిది వందలకు కొన్నాము. దానితోపాటు మూడు వేలు పెట్టి ఎస్.ఎస్.డి. అనే కదలని భాగాల డిస్క్ కూడా వేయించాము. మెమరీకి మూల్యం, కార్డుకు మూల్యం, తీగ మార్చే సాధనం, మూడు వందల నష్టం అన్నీ కలిపితే సరిగ్గా పదహారు వేలు.

బిగించే వేళ

ఆ రెండవసారి బిగించేటప్పుడు మెకానిక్ గారు పక్కన కూర్చొని మా అమ్మాయి చేతనే పని చేయించారు. ఆమె నోటు పుస్తకంలో క్రమం రాసుకున్నది. అది మీకూ పనికివస్తుంది.

ముందుగా ముఖ్యమైన ఫైళ్ళను వేరే డిస్క్‌లోకి నకలు తీయాలి. అదే డిస్క్‌లో మరొక చోట ఉంచిన నకలు నకలు కాదు. తరువాత కంప్యూటర్ ఆపి, గోడ నుంచి తీగ పీకి, పవర్ బటన్‌ను కొన్ని సెకండ్లు నొక్కి పట్టాలి. లోపల నిలిచిన కరెంటు దానితో పోతుంది. డబ్బా లోహాన్ని చేతితో తాకాలి. పొడి వాతావరణంలో మన ఒంటి మీద వేల వోల్టుల స్థిరవిద్యుత్తు చేరుతుంది. మనకు చురుక్కుమన్నా అనిపించని పాటి విద్యుత్తు కూడా చిప్‌ను చంపగలదు. దుప్పటి మీద, తివాచీ మీద ఈ పని చేయరాదు.

మెమరీ పట్టీని అంచులతో పట్టుకోవాలి. బంగారు రంగు పిన్నులను ముట్టుకోరాదు. అవి మసిబారి ఉంటే పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులపాలి. గంటును చూసుకొని, రెండు చివరలా సమానంగా నొక్కితే 'టిక్' అని చప్పుడు వస్తుంది. కార్డుకూ అంతే, కాని దానిని డబ్బాకు స్క్రూతో కూడా బిగించాలి. లేకుంటే బరువుకు వంగుతుంది. చివరగా మానిటరు తీగను కొత్త కార్డుకే తగిలించాలి. అలవాటుకొద్దీ మదర్‌బోర్డుకే తగిలించి, కార్డు పని చేయడం లేదని మెకానిక్కులను పిలిచేవారు కోకొల్లలట!

మొదటిసారి తెర వెలగకపోతే కంగారుపడనక్కరలేదు. పదింట తొమ్మిదిమార్లు పట్టీ సరిగా కూర్చోకపోవడమే కారణమని ఆయన అనుభవం. వాడిన మెమరీ కొన్నవారు మెమ్‌టెస్ట్86+ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఒక రాత్రంతా పరీక్షించడం మంచిది. ఒక్క గడి చెడినా అది మీ ఫైలులో ఏ అక్షరాన్ని మింగుతుందో చెప్పలేము.

ఒక్కటి మాత్రం ఎవరూ చేయరాదు. ఎస్.ఎం.పి.ఎస్. పెట్టెను విప్పరాదు. తీగ పీకిన తరువాత కూడా అందులో ప్రాణాపాయకరమైన కరెంటు నిలిచి ఉండవచ్చు.

ఏది మారింది, ఏది మారలేదు

నాలుగు నిమిషాలు పట్టే కంప్యూటర్ అర నిమిషంలో సిద్ధమయింది. ఆ ఘనత కార్డుదీ కాదు, మెమరీదీ కాదు, ఎస్.ఎస్.డి.ది. చిత్రాలు తీయని ఇంట్లో, ఉత్తరాలకూ లెక్కలకూ మాత్రమే కంప్యూటర్ వాడేవారు, కార్డు జోలికి పోకుండా ఎనిమిది జి.బి. మెమరీ, ఎస్.ఎస్.డి. వేయించుకుంటే చాలు. రాత్రంతా పట్టిన ఒక్కొక్క చిత్రం ఇప్పుడు ఇరవై నిమిషాలలో వచ్చింది. ఇది కార్డు ఘనత. పదిహేను పేజీలు ఒకేసారి తెరిచినా డిస్క్ కరకరలాడలేదు. అది మెమరీది.

మారనిది ప్రాసెసరు. మరొకటి, కాలం. 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10కు సాధారణ సహాయాన్ని నిలిపివేసింది. నమోదు చేసుకున్న గృహ వినియోగదారులకు భద్రతా సవరణలను మాత్రం మరొక సంవత్సరం పొడిగించింది. విండోస్ 11కు టి.పి.ఎం. 2.0 అనే భద్రతా ఏర్పాటు, ఇంటెల్ అయితే ఎనిమిదవ తరమూ ఆ పైన ప్రాసెసర్లూ కావాలి. మాది నాల్గవ తరం. కనుక 2025లో మేము దానిలో ఉచితంగా దొరికే లైనక్స్‌ను వేశాము. తెలుగు అక్షరాలు అందులో చక్కగా వస్తాయి. గ్రాఫిక్స్ కార్డులకూ ఇటువంటి ఆయుర్దాయమే ఉన్నది. జి.టి.ఎక్స్.1050 టి.ఐ. వంటి పాస్కల్ తరం కార్డులకు కొత్త మెరుగుదలలతో కూడిన డ్రైవర్లను ఎన్‌విడియా 2025 అక్టోబరుతో ఆపివేసి, భద్రతా సవరణలకే పరిమితం చేసింది. పాతది కొనేవారు ధర ఒక్కటే కాక, మిగిలిన ఆయుష్షు కూడా చూడాలి.

ధరలూ నిలకడగా ఉండవు. కృత్రిమ మేధ కోసం కట్టే భారీ కేంద్రాలు మెమరీ చిప్పులను ఎగరేసుకుపోవడంతో 2025 చివరి నెలలలో ప్రపంచమంతటా మెమరీ ధరలు మండిపోయాయి. నేను 2024లో పెట్టిన ధరను చూసి ఎవరూ లెక్క వేసుకోవద్దు. అంగడిలో ఆనాటి ధర అడగండి. మార్పులకయ్యే మొత్తం కొత్త కంప్యూటర్ ధరలో సగానికి చేరుతుంటే, ఆగి ఆలోచించండి.

అయినా బాగు చేయించడం వైపే నా మనస్సు మొగ్గుతుంది. ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన విద్యుత్, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు 6 కోట్ల 20 లక్షల టన్నులు. అందులో సక్రమంగా సేకరించి శుద్ధి చేసినట్లు లెక్కకు వచ్చినది నాల్గవ వంతుకన్నా తక్కువ. తక్కిన దానిలో ఎంతో భాగం, బోర్డులను కాల్చీ ఆమ్లాలలో ముంచీ లోహాలు తీసే పేదల ఊపిరితిత్తులలోకి చేరుతున్నది. మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన నిబంధనలు ఈ వ్యర్థాల బాధ్యతను ఉత్పత్తిదారుల మీద ఉంచాయి. మన వంతుగా చేయగలిగింది రెండే. వస్తువును మరికొన్నేళ్ళు వాడడం, ఇక పనికిరానప్పుడు పాత ఇనుపసామాను బండికి కాక, గుర్తింపు పొందిన కేంద్రానికి ఇవ్వడం.

మా అమ్మాయి తన గ్రంథాలయాన్ని గడువుకు ఒక రోజు ముందే సమర్పించింది. నేను నలభై ఒక్క పుటలనూ మళ్ళీ రాశాను. పదకొండు రాత్రులు పట్టింది. కొన్ని వాక్యాలు మునుపటికన్నా బాగా వచ్చాయి, కొన్ని రాలేదు. పుస్తకం చదివేవారికి ఆ తేడా తెలియదు. నాకు తెలుసు.

ఈమధ్య పక్కింటివారి కంప్యూటర్ బిగుసుకుపోతున్నదని కబురు వస్తే మా అమ్మాయి తన నోటు పుస్తకం తీసుకొని బయలుదేరింది. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి, "అమ్మా, ముందు నకలు తీయమని చెబుతాను" అన్నది.